మీటరు మీద అయిదు

కొట్టం అటక మీద, ఎండుగడ్డి మోపుల మధ్య బోర్లా పడుకుని ఫెవ్రోన్యా నిచ్చెన మెట్లు లెక్కపెడుతోంది. పొద్దున ఎనిమిది మెట్లూ కనిపించాయి. ఇప్పుడు అయిదే కనిపిస్తున్నాయి. మిగతా మూడూ నీళ్ళలో ఉన్నాయి. ఆ నీళ్ళలోనే తమ్ముడి ఆవులు ఏడూ పొట్టల దాకా మునిగి నిలబడి, తలలెత్తి అక్కాతమ్ముళ్ళిద్దరి వంకా చూస్తున్నాయి.

"ఇంకో మెట్టు పోయేలా ఉందిరా," అంది.

"నాకూ కళ్ళున్నాయిలే అక్కా. ప్రతి మెట్టుకీ చాటింపు వెయ్యాలా?" అన్నాడు గవ్రీల్.

"చాటింపు వెయ్యడమేరా నా ఉద్యోగం."

అది నిజమే. మా ఒయ్బోన్ ఊళ్ళో ఇరవై మూడేళ్ళుగా నది నీటిమట్టం, మంచు మందం కొలిచి నగరంలో ఉన్న ఆఫీసుకు ఫోన్‌లో చెప్పేది ఫెవ్రోన్యానే. నదిని మా వైపు పేరు పెట్టి పిలవం, అవ్వ అంటాం. అవ్వ ఎంత మందాన గడ్డకట్టిందో, ఎప్పుడు కదులుతుందో ఫెవ్రోన్యా చెప్పిందంటే ఇక తిరుగులేదు. ఆవిడ చెప్పిన అంకెల్ని బట్టే నగరం వాళ్ళు ఏప్రిల్‌లో మంచును ఎక్కడ రంపంతో కోయించాలో, ఎండకు తొందరగా కరగడానికి ఎక్కడ నల్ల ఇసుక చల్లించాలో తేలుస్తారు. మేలో ఎక్కడ మంచు అడ్డం పడుతుందో, ఏ ఊరు మునుగుతుందో ముందే చెప్తారు. ఈ ఏడు ఒయ్బోన్‌కి భయం లేదన్నారు. ఒయ్బోన్ మునిగింది.

ఊరంతా రెండు రోజుల కిందటే పశువులతో సహా గుట్ట ఎక్కేసింది. గవ్రీల్ తన ట్రాక్టరుతో అందరి ఆవుల్నీ, దూడల్నీ, ముసలమ్మల మంచాల్నీ చేరేశాడు. తన ఏడింటినీ మాత్రం చివరికి ఉంచాడు. అదేం బుద్ధో! తీరా వాటికోసం వచ్చేసరికి నీళ్ళు చుట్టేశాయి. వాడు కనిపించడం లేదని ఫెవ్రోన్యా పడవేసుకుని వచ్చింది. కొట్టం వాకిట్లోకి వచ్చిందో లేదో, బల్లంత మంచు పలక ఒకటి పక్కనుంచి వచ్చి పడవను గోడకేసి నొక్కి నుగ్గు చేసింది. అక్క ఒక్క గెంతులో నిచ్చెన పట్టుకుంది. అప్పట్నుంచి ఇద్దరూ ఇక్కడే.

బయటికి పోయే దారి లేదు. మంచు పలకల మధ్య ఏ పడవా రాలేదు. ఉన్న ఒక్క హెలికాప్టరూ, అడ్డం పడ్డ మంచును మందు పెట్టి పేల్చే జట్టును ఎక్కించుకుని నదికి దిగువనున్న ద్వీపం దగ్గరకు వెళ్ళింది. కొట్టం గోడలు దుంగలవే గానీ, వాటిని పట్టి ఉంచిన పేడ అలుకు నాని ఊడిపోతోంది. పలక వచ్చి తగిలినప్పుడల్లా అటక వణుకుతోంది. నీళ్ళు తగ్గకపోతే సాయంత్రానికి ఈ కొట్టం ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనడం లేదు.

గవ్రీల్ సంచిలోంచి వెన్న రాసిన అట్టు తీసి, సగం చించి, అటక కిటికీలోంచి నీళ్ళలోకి విసిరాడు.

"తిను అవ్వా. తిని శాంతించు," అన్నాడు గొణుగుతూ.

ఫెవ్రోన్యాకు ఒళ్ళు మండిపోయింది. "అట్టు పెడతావట్రా అవ్వకి? ఆవిడ నడుముకి అడ్డంగా ఇనప పట్టీ లాంటిది బిగించి, ఇప్పుడు అట్టు పెడతావా? సిగ్గుండాలి!"

"బిగించింది నేనొక్కణ్ణేనా?"

"కాదు. రాసింది నేను."

ఇదీ వాళ్ళిద్దరి గొంతులోనూ రెండు నెలలుగా ఇరుక్కున్న ముల్లు.

చలికాలమంతా అవ్వ మీద లారీలు నడిచే మంచుబాటకు కాపలాదారు గవ్రీల్. కిందటి వేసవిలో వానల్లేక మా పచ్చికలు మాడిపోయాయి. ఫిబ్రవరి చివరికి ఊళ్ళో గడ్డి అయిపోయింది. కొన్న గడ్డి అవతలి ఒడ్డున లారీల్లో ఉంది. మంచు చాలినంత మందం లేదు, బరువు లారీలు దాటకూడదని నగరం నుంచి ఆర్డరు వచ్చింది. ఆవులు కొట్టాల్లో ఒకదాని తోక ఒకటి నములుతున్నాయి. అప్పుడు గవ్రీల్ అన్నాడు: "మంచు పల్చగా ఉంటే పెంచుదాం. నీళ్ళు పోస్తే పెరగదా?"

పోశారు. నలభై మంది, రెండు పంపులు, పన్నెండు రోజులు. బాటకు అటూ ఇటూ కన్నాలు తవ్వి, నీళ్ళు తోడి బాట మీద పరిచారు. ఆ చలికి నీళ్ళు పోసినవి పోసినట్టే బిగుసుకుపోయాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకి మీటరు ఎనభై సెంటీమీటర్ల మందాన కట్ట లేచింది. గడ్డి లారీలు దర్జాగా దాటాయి. ఊరు పండగ చేసుకుంది, ఆవులు బతికాయి.

పది రోజులకోసారి తీసే మందం కొలతప్పుడు ఫెవ్రోన్యా బాట మీద కన్నం తవ్వి, కొక్కెం కర్ర దించి చూసింది. మీటరు ఎనభై. అది చెప్తే నగరం వాళ్ళు మర్నాడే రంపం బండి పంపి బాటను కోయించేస్తారు. అవతల ఇంకా ఆరు లారీల గడ్డి ఉంది. అందుకని పాత అంకెనే పుస్తకంలో రాసి, ఫోన్‌లో చెప్పింది: మీటరు మీద అయిదు. ఈ ఒక్కసారికే అనుకుంది. తర్వాతి పది రోజులకు నిజం చెప్దామంటే, పది రోజుల్లో మీటరు అయిదు కాస్తా మీటరు ఎనభై ఎలా అయిందని అడుగుతారు. దాంతో మళ్ళీ మీటరు మీద అయిదు. ఏప్రిల్ పదినాడు కూడా మీటరు మీద అయిదు. ఆ అంకెలో ఆవిడ అప్పుడే ఇరుక్కుంది. ఈ అటక మీద ఇరుక్కోవడం ఇప్పుడొచ్చింది గానీ!

మేలో ఎండకు అదే కరుగుతుందిలే అన్నాడు గవ్రీల్. కరగలేదు. ఎగువ నుంచి వచ్చిన మంచంతా ఆ కట్టకు కొట్టుకుని, పలక మీద పలక ఎక్కి నిలబడిపోయింది. దాని వెనక నీళ్ళు ఊళ్ళోకి తిరిగాయి.

"ఫోన్ చేస్తాను," అంది ఫెవ్రోన్యా.

"ఎవరికి?"

"రిమ్మాకి. పేలుడు జట్టు ద్వీపం దగ్గర మందు పెడుతోంది. అక్కడ పేలిస్తే ఏం ఊడుతుందిరా? బాట దగ్గర పేల్చాలి. వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్కసారికి సరిపడా మందే."

గవ్రీల్ అక్క చెయ్యి పట్టుకున్నాడు. "చెప్తే ఏమవుతుందో తెలుసా? ఆర్డరు మీరి నీళ్ళు పోయించినందుకు నన్ను లోపలేస్తారు. నలభై మంది పేర్లూ అడుగుతారు. నీ ఉద్యోగం సరేసరి."

"చెప్పకపోతే ఏమవుతుందో కిందికి చూడు."

కింద బొల్లావు మోర పైకెత్తింది. నీళ్ళు దాని వీపు మీదికి వచ్చాయి. గవ్రీల్ చెయ్యి వదిలేసి మొహం అటు తిప్పుకున్నాడు.

రిమ్మా ఒసిపోవ్నా నగరం ఆఫీసులో మంచు ఎక్కడ అడ్డం పడుతుందో లెక్కలు కట్టే మనిషి. ఇరవై మూడేళ్ళుగా ఫెవ్రోన్యా ఆవిడతో రోజూ మాట్లాడుతోంది. ఒక్కసారి కూడా మొహం చూడలేదు గానీ ఆవిడ దగ్గు వినిపిస్తే జలుబో, సిగరెట్టో చెప్పగలదు.

"ఫెవ్రోన్యా! గుట్ట మీద ఉన్నారా?" రిమ్మా గొంతు బొంగురుగా ఉంది. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది.

"లేనండీ. తమ్ముడి కొట్టం అటక మీద ఉన్నాం. చుట్టూ నీళ్ళు. రిమ్మా గారూ, మంచు ద్వీపం దగ్గర ఆగలేదు. మంచుబాట దగ్గర ఆగింది. మందు అక్కడ పెట్టించండి."

అవతల నిట్టూర్పు. "అయ్యో ఫెవ్రోన్యా... మీరు కూడానా?"

"నేను కూడా ఏంటి?"

"నీళ్ళలో చిక్కుకున్న ప్రతివాళ్ళూ నాకు ఫోన్ చేసి మా ఇంటి దగ్గర పేల్చండి అంటున్నారు. నిన్న ఒక ఊరి పెద్ద అయితే ఏడ్చాడు కూడా. భయం వేస్తే అంతే, నేను తప్పు పట్టను. కానీ బాట మీద మంచు మీటరు అయిదు. మీరే కొలిచారు. ద్వీపం దగ్గర మీటరు యాభై. పల్చటిది ఆపుతుందా, మందంది ఆపుతుందా?"

"బాట మీద మీటరు అయిదు కాదు. మీటరు ఎనభై."

"మూడుసార్లు మీటరు అయిదని చెప్పారు."

"అబద్ధం చెప్పాను."

రిమ్మా నవ్వింది. పాపం, ప్రేమగానే నవ్వింది. "మీరా? అబద్ధమా? మా ఆఫీసులో కొత్తవాళ్ళు అంకె తప్పు చెప్తే నేను తిట్టే తిట్టేంటో తెలుసా? ఒయ్బోన్ ఫెవ్రోన్యాని చూసి నేర్చుకోండి అంటాను. మీ భయాన్ని నమ్మమంటారా, మీ లెక్కను నమ్మమంటారా? నేను లెక్కనే నమ్ముతాను. పేలుడు అయిపోగానే హెలికాప్టర్ మీ దగ్గరకే వస్తుంది. మూడు గంటలు ఓర్చుకోండి."

"మూడు గంటలు ఈ కొట్టం ఉండదండీ!"

"ఓర్చుకోండమ్మా," అని పెట్టేసింది.

ఫెవ్రోన్యా ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇరవై మూడేళ్ళు చలిలో మోకాళ్ళు అరగదీసి సంపాదించిన మంచిపేరు! ఈ రోజు అదే తలుపు బయట నిలబడి గడియ వేసేసింది. దొంగ అయ్యుంటే నమ్మేవాళ్ళేమో.

నాలుగో మెట్టు మునిగింది. ఎక్కడో గోడ దుంగ ఒకటి ఊడి నీళ్ళలో తేలింది. ఆ సందులోంచి చల్లటి గాలి, దాని వెంట మంచు పొడి లోపలికి వచ్చాయి.

ఫెవ్రోన్యా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి రిమ్మా విసుక్కుంది. "చెప్పండి."

"మార్చిలో బాట మీద నీళ్ళు పోశాం. గడ్డి లారీల కోసం. అందుకే మందం పెరిగింది."

"ఎవరు పోశారు?"

"నేను."

"మీరొక్కరే?"

"నేనొక్కదాన్నే."

"కిలోమీటరున్నర బాట, మీరొక్కరే, పంపు మోసుకుని. ఫెవ్రోన్యా, మీరు చెప్పేది మీకే నమ్మబుద్ధి కావడం లేదు కదా? చూడండి, జట్టు ద్వీపం దగ్గర కన్నాలు తవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళని అక్కణ్ణుంచి లేపాలంటే నాకు ఆధారం కావాలి. సొంత పుస్తకంలో ఒకటి రాసి, ఫోన్‌లో ఇంకోటి చెప్పే మనిషి మాట మీద లేపలేను. బాట కాపలాదారు చెప్పాలి. గవ్రీల్ అక్కడే ఉన్నాడన్నారుగా? ఇవ్వండి ఫోన్."

ఫెవ్రోన్యా ఫోన్‌ను తమ్ముడి వైపు చాచింది. గవ్రీల్ దాని వంక పాముని చూసినట్టు చూశాడు.

"నేను మాట్లాడను."

"ఒరేయ్..."

"మాట్లాడనన్నానా! నీళ్ళు ఆగుతాయేమో. ఇంకో గంట చూద్దాం."

"ఏం చూస్తావురా గంటసేపు? ఆవులు మునగడం చూస్తావా?"

"ఆవులు నావి!" అని అరిచాడు గవ్రీల్. "నా ఆవుల కోసం, ఊళ్ళో అందరి ఆవుల కోసం పోశానక్కా. తప్పు చేశానా? చెప్పు. కళ్ళముందు ఎముకలు తేలి చస్తుంటే చూస్తూ కూర్చోవాల్సిందా? ఇప్పుడు నేను నోరు తెరిస్తే, నాతో నీళ్ళు పోసిన ఎఫిమ్ బాబాయినీ, ఆ బట్టలు కుట్టే ఆవిడ కొడుకునీ, అందర్నీ కోర్టు మెట్లెక్కించాలి. నాకు నోరు రావడం లేదు."

ఫెవ్రోన్యాకు వాడి మీద ఎంత కోపం ఉందో అంత జాలీ కలిగింది. చిన్నప్పుడు కూడా వీడింతే. కుండ పగలగొట్టి, పెంకులు చొక్కాలో దాచుకుని, పొట్ట కోసుకుపోతున్నా బయటపెట్టేవాడు కాదు.

ఆవిడ ఫోన్‌ను మళ్ళీ చెవికి పెట్టుకుంది. "వాడు మాట్లాడడు రిమ్మా గారూ. వాడికేం తెలీదు. నేనే మోశాను పంపు. నేనే కన్నాలు తవ్వాను. పన్నెండు రోజులు. నా పేరు రాసుకోండి. ఎవరు పోసినా మంచు మంచేగా! ఒక్క కన్నం తవ్వించి చూడండి, నా కాళ్ళూ చేతులూ..." అంటుండగానే ఆవిడ ఏడ్చేసింది. మా ఊళ్ళో ఎవరూ ఫెవ్రోన్యా ఏడవగా చూడలేదు. ఆ రోజు గవ్రీల్ చూశాడు.

చటుక్కున ఫోన్ లాక్కున్నాడు.

"ఆవిడ పంపు మోసిందా? ఆవిడ నీళ్ళ బకెట్ కూడా సగమే మోస్తుంది, నడుం నొప్పి! నేనమ్మా మాట్లాడేది, బాట కాపలాదారుని. నేనే పోయించాను. ఆర్డరు వచ్చాక పోయించాను. రెండు పంపులు. మీటరు ఎనభై ఉంది, ఎక్కడన్నా ఉంటే ఇంకా ఎక్కువే ఉంటుంది, తక్కువ మాత్రం ఉండదు. బాటకి గుర్తుగా నాటిన లార్చి చెట్టు కొమ్మలు ఇంకా నిలబడే ఉంటాయి. ఈ ఒడ్డు నుంచి ఆరో కొమ్మ పక్కన తవ్వించండి. అబద్ధమైతే నన్నిక్కడే వదిలెయ్యండి."

రిమ్మా గొంతులో కోపం లేదు. అందుకే గవ్రీల్‌కు భయం వేసింది.

"ఫోన్ మీ అక్కకివ్వండి... ఫెవ్రోన్యా. రంపం బండి నా దగ్గర ఒక్కటే ఉంది. ఏప్రిల్‌లో దాన్ని ద్వీపానికి పంపాను. నల్ల ఇసుక అక్కడే చల్లించాను. ఒయ్బోన్‌కి భయం లేదని నేనే సంతకం పెట్టాను. మీ అంకె చూసి పెట్టాను."

"తెలుసు."

"తెలిసి చెప్పలేదు."

"చెప్పలేదు," అంది ఫెవ్రోన్యా.

ఫోన్ పెట్టేసిన చప్పుడయింది. జట్టును బాట దగ్గరకు పంపుతుందో లేదో కూడా చెప్పలేదు.

ఆ తర్వాతి గంట ఎలా గడిచిందో ఆ ఇద్దరికే తెలుసు. అయిదో మెట్టు మునిగింది. ఆవుల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. గవ్రీల్ నిచ్చెన దిగి, నడుం లోతు నుంచి గుండె లోతు దాకా వెళ్ళి, చిన్నవాటి మోరలు పట్టుకుని పైకి ఎత్తి ఉంచాడు. ఆ నీళ్ళలో మనిషి పావుగంట కన్నా ఎక్కువ ఉండలేడు. ఫెవ్రోన్యా తిట్టీ తిట్టీ, ఆఖరికి వాడి కాలర్ పట్టుకుని పైకి లాగి, గడ్డిలో పడేసి, తన కోటు కప్పింది. పెయ్య ఒకటి మునిగిపోయింది. దాని వెనకే తల్లి కూడా. గవ్రీల్ గడ్డిలో మొహం దాచుకుని ఏడ్చాడు. మార్చిలో దాటించిన గడ్డే అది.

అప్పుడు వినిపించింది హెలికాప్టర్ చప్పుడు. దిగువ నుంచి పైకి వస్తోంది. ఊరి చివర, బాట వైపు వెళ్ళి ఆగింది.

ఫోన్ మోగింది. ఎవరో మగగొంతు, గాలి హోరును మించి అరుస్తోంది. "కాపలాదారు ఎక్కడ? ఆరో కొమ్మ పక్కనే తవ్వుతున్నాం. మంచు తొలిచే బర్మా మీటరున్నర పొడుగు. మొత్తం దిగిపోయింది, ఇంకా నీళ్ళు తగల్లేదు! ఏం కట్టార్రా నాయనా, నదికి గోడ కట్టారా?"

"మూడో కొమ్మ దగ్గర్నుంచి పదో కొమ్మ దాకా వరసగా పెట్టండి," అన్నాడు గవ్రీల్. పళ్ళు టకటకలాడుతున్నాయి. "నడిమధ్య కాదు, దిగువ అంచున. పైన పెడితే పలకలన్నీ మీ మీదికే వస్తాయి."

నలభై నిమిషాలకు మొదటి పేలుడు వినిపించింది. అటక మీది దుమ్మంతా రాలింది. రెండోది. మూడోది. తర్వాత ఏమీ లేదు. ఫెవ్రోన్యా ఊపిరి బిగబట్టి నిచ్చెన వంక చూస్తోంది. నీళ్ళు కదల్లేదు. ఇంకొంచెం పైకి వచ్చాయి కూడా. అయిపోయింది, అనుకుంది. తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుంది.

అప్పుడు భూమి లోపల్నుంచి వచ్చినట్టు పెద్ద మూలుగు వినిపించింది. ఆ వెనక విరుగుళ్ళు, ఒకటి, పది, వంద. వాకిట్లో నిలబడిన పలకలన్నీ ఒక్కసారి అటు తిరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయల్దేరాయి. ఒకటి కొట్టం మూల దుంగలు పట్టుకుని పోయింది. మిగతా కొట్టం నిలబడింది. అయిదో మెట్టు బయటపడింది. తర్వాత నాలుగోది. నీళ్ళు తగ్గుతుంటే ఫెవ్రోన్యా పిచ్చిదానిలా నవ్వింది, తమ్ముడి వీపు మీద దబదబా బాదింది.

"కదిలిందిరా! అవ్వ కదిలింది!"

కింద అయిదు ఆవులు వణుకుతూ, బురదలో కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తున్నాయి. గవ్రీల్ వాటి మధ్యకు దిగి ఒక్కోదాని మెడా కావలించుకున్నాడు.

ఫోన్ మోగింది. రిమ్మా.

"ఇద్దరూ క్షేమమేనా?"

"క్షేమమే. మీరు మమ్మల్ని..."

"మంచిది. వదిలిన నీళ్ళు కింది ఊళ్ళకు వెళ్తాయి. వాళ్ళకు చెప్పాలి. అక్కడ ఎంత తగ్గింది?"

అడిగిందే చాలు, ఫెవ్రోన్యా ప్రాణం లేచొచ్చింది. గబగబా నిచ్చెన దిగి, గోడ మీద నీళ్ళు నిలిచిన పై గీత నుంచి ఇప్పటి నీళ్ళ దాకా జానలతో కొలిచింది. తన జాన ఇరవై సెంటీమీటర్లు, అది ఇరవై మూడేళ్ళుగా తప్పలేదు. సరిగ్గా ఆరు జానలు. "మీటరు ఇరవై," అంది. "మీటరు ఇరవై తగ్గింది రిమ్మా గారూ."

అవతల కలం కదిలిన చప్పుడు లేదు.

"గవ్రీల్ పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఫోన్ అతనికివ్వండి. అతన్ని చూసి చెప్పమనండి."

ఫెవ్రోన్యా ఫోన్ ఇచ్చింది. గవ్రీల్ అయోమయంగా అక్క వంకా, గోడ వంకా చూశాడు. "నాకేం తెలుసమ్మా ఇవన్నీ? మా అక్క చెప్పిందిగా." అవతల ఏదో అన్నారు. వాడు ఆవు మెడ వదిలి, గోడ దగ్గరకు వెళ్ళి, బురద చేత్తో జానలు వెయ్యడం మొదలుపెట్టాడు. కింది గీత దగ్గర్నుంచి వేస్తున్నాడు. అది నీళ్ళు తగ్గుతూ కాసేపు ఆగిన చోట పడిన గీత.

"అది కాదురా, పైగీత," అంది ఫెవ్రోన్యా.

ఫోన్‌లోంచి రిమ్మా గొంతు పైకే వినిపించింది. "ఆవిణ్ణి చెప్పనివ్వకండి గవ్రీల్. మీ కళ్ళతో చూసిందే చెప్పండి."

గవ్రీల్ అక్క వంక చూశాడు. అక్క తల దించుకుంది.

"మీటరు పది," అన్నాడు.

రిమ్మా రాసుకుంది.